వారం వారం సాక్ష్యం

నాకు కథల పిచ్చి. మంచి కథా, నాసి కథా అన్న పట్టింపు కూడా లేదు. డిటెక్టివ్ కథ, మంత్రాల కథ, ఫోన్లో రోజుకో భాగం వచ్చే ప్రేమకథ, ఏదైనా సరే, తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం పుట్టిస్తే చాలు, కంచంలో అన్నం చల్లారిపోతున్నా కదలను. చదవడంతో ఊరుకుంటానా అంటే అదీ లేదు. పగలంతా మలికిపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, సాయంత్రం వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని, కూర మాడకుండా చూసుకుంటూ సీరియల్ రాస్తాను. ఇవి చాలవన్నట్టు హక్కుల మీటింగులు. అమలాపురంలో ఎవరైనా మైకు పట్టుకుని న్యాయం గురించి మాట్లాడుతున్నారంటే వెనక కుర్చీలో నేనుంటాను. “ఒక చేతిలో రాజకుమారి, ఇంకో చేతిలో జెండా. గరిటె ఏ చేత్తో పట్టుకుంటావే?” అని మా ఆయన వెక్కిరిస్తాడు.

ఆయన వెక్కిరింతలో నిజం లేకపోలేదు. ఆ రెండు పిచ్చులూ నాలో ఎప్పుడూ కలవలేదు. న్యాయం గురించి కథ రాస్తే ఉపన్యాసం అయి కూర్చునేది. మీటింగుకి వెళితే ఉపన్యాసం వింటూ కథ కోసం వెతుక్కునేదాన్ని. రెండూ ఒక్కటైపోవడం నేను చూసింది మా చర్చిలో, వరసకి దొడ్డమ్మ అయ్యే మా వీధి ఆవిడ నోట. అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరయింది. మాటకారి అని ఆవిడకి పేరేమీ లేదు.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఎవరికైనా మేలు జరిగితే లేచి నిలబడి చెప్పుకుంటారు. జ్వరం తగ్గిందనో, అమ్మాయికి ఉద్యోగం వచ్చిందనో, కష్టంతో మొదలుపెట్టి మేలుతో ముగించి, “దేవునికి స్తోత్రం” అంటారు. మేమందరం స్తోత్రం అంటాం, వాళ్ళు కూర్చుంటారు. ఒక్క కట్టుబాటు మాత్రం ఉంది. సాక్ష్యం చెబుతున్న మనిషిని మధ్యలో ఆపకూడదు. మేము అయ్యగారు అని పిలుచుకునే పాస్టరు గారు కూడా ఆపరు.

దొడ్డమ్మ భర్త వానాకాలంలో పోయాడు. మా సమాధుల తోటకి మురుగు కాలవ గట్టు మీద దారి ఉండేది. పక్కన రొయ్యల చెరువు తవ్వించినాయన తన గట్టు పెంచుకుంటూ పెంచుకుంటూ ఆ దారిని మింగేశాడు. పోనీ పరాయివాడా అంటే, మా చర్చి పెద్దల్లోనే ఒకడు. మొదటి వరసలో కూర్చుంటాడు. మా నెత్తిన తిరిగే ఫ్యాన్లు, అయ్యగారి ముందున్న మైకు ఆయన ఇచ్చినవే. ఆ గాలి కింద కూర్చుని ఆయన్ని ఏమంటాం? అందుకని శవపేటికను నడుం లోతు మురుగు నీళ్ళలోంచి మోసుకెళ్ళారు. మధ్యలో ఒకరి కాలు జారింది. పెట్టె చేతుల్లోంచి తప్పించుకుని నీళ్ళ మీద తేలింది. చూసినవాళ్ళం ఇళ్ళకొచ్చి స్నానాలు చేసి నోరు మూసుకున్నాం.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం దొడ్డమ్మ సాక్ష్యానికి లేచింది. మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెబుతుంది కాబోలనుకున్నాం. మోకాళ్ళతోనే మొదలుపెట్టింది కూడా. ఆ నొప్పి ఏ రోజు పట్టుకుందో చెబుతూ, భర్త పెట్టె వెనకాల ఇంటినుంచి బయల్దేరిన పొద్దుటికి వెళ్ళింది. వాన ఎలా పడుతోందో, ఎవరు గొడుగు పట్టారో, కాలవ దగ్గరికి వచ్చేసరికి మోసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో చెప్పింది. ఆ ఒడ్డున అందర్నీ నిలబెట్టి తను ఆగిపోయింది.

“ఈ పూటకి ఇంతేనండి. మిగతాది ఇంకా జరగలేదండి. జరిగేక చెప్తాను” అని కూర్చుంది.

స్తోత్రం అనలేదు. అందామని సిద్ధంగా ఉన్న నోళ్ళు అలా తెరుచుకునే ఉండిపోయాయి. మేలు జరిగాక చెప్పేదే సాక్ష్యమని పుట్టినప్పటినుంచీ అనుకుంటున్నాను. జరగాల్సిన మేలు కోసం ముందే లేచి నిలబడవచ్చని నాకు ఏనాడూ తట్టలేదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ లేచింది, ఆ తర్వాతా లేచింది. ఒక వారం పాత దారి గురించే చెప్పింది. కొత్తకోడలిగా అత్తగారి వెనక కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల పండగకి ఆ దారిన నడవడం, చెప్పులు తెగితే అత్తగారు తన చెప్పులు విప్పి ఇవ్వడం. ఇంకో వారం దారి ఎలా సన్నబడుతూ వచ్చిందో చెప్పింది. చెరువు ఎవరిదో ఒక్కసారీ అనలేదు. ఒక్క తిట్టు లేదు, శాపం లేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు పెందలాడే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. పక్క ఊరి చర్చి ఎగ్గొట్టి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎక్కడ ఆపాలో తెలిసిన రచయితలంటే నాకు మహా గౌరవం. కానీ అవతలివాళ్ళ మనసు మారేందుకు చోటు వదిలి ఆపే మనిషిని మాత్రం నేను ఆవిణ్ణే చూశాను. నా సీరియల్ పక్కన పడేశాను. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

చెరువు ఆయన ప్రతి వారం వచ్చి ఫ్యాను వంక చూస్తూ కూర్చునేవాడు. సాక్ష్యాలు కొన్నాళ్ళు ఆపితే బాగుంటుందని పెద్దలు అయ్యగారి చెవిలో వేశారట. “సాక్ష్యం ఆపే అధికారం నాకు లేదండి” అన్నారట అయ్యగారు. ఆయన అంతమాట అంటారని మేమెవ్వరం అనుకోలేదు.

ఇంతలో దొడ్డమ్మకి విషజ్వరం వచ్చి అమలాపురం ఆస్పత్రిలో చేర్పించారు. ఆ ఆదివారం సాక్ష్యాల వేళకి చర్చి అంతా ఆవిడ కూర్చునే చోటు వైపు చూసింది. చెరువు ఆయన భుజాలు కాస్త వదులయ్యాయి. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య లేచింది. పాటలకి తప్ప నోరు విప్పగా నేనెప్పుడూ వినని మనిషి.

“ఆవిడ ఆపిన దగ్గర్నుంచి నేను చెప్తానండి. ఆవేళ మా మేడ మీద ఉన్నానండి. పెట్టె నీళ్ళ మీద తేలడం చూసేను. కిందకి దిగి రాలేకపోయేను. మనకి ఉన్నది ఒక్కటే తోట కదండీ. రేపు నన్నూ ఆ నీళ్ళలోంచే మోస్తారు. మా వారినీ అంతేనండి.”

ఆవిడా స్తోత్రం అనకుండానే కూర్చుంది. చెరువు ఆయన బైబిలు తీసుకుని లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆరాధన అయ్యాక చర్చి ముందు గుంపులు కట్టి ఆ మాటే చెప్పుకున్నాం, ఆశ్చర్యపడ్డాం, కళ్ళు తుడుచుకున్నాం. నేను దొరికిన బస్సెక్కి అమలాపురం పరుగెత్తాను.

దొడ్డమ్మ చేతికి సెలైను ఉంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నాకొచ్చిన విద్యంతా వాడి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతూ చెప్పాను. సంతోషంతో లేచి కూర్చుంటుందనుకున్నాను.

“ఆవిడతో ఇంటికెవరెళ్ళేరు?” అంది.

నాకు అర్థం కాలేదు.

“ఆయన ముందే వెళ్ళిపోయేడంటున్నావు కదా. ఆవిడొక్కతే వెళ్ళిందా ఆ ఇంట్లోకి?”

మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఆవిడ చర్చి గేటు దాటి వెళ్ళడం కూడా నేను చూడలేదు. దొడ్డమ్మ నా వంక మరి చూడకుండా, ఆవిడకి ఫోను చెయ్యమంది. నంబరు కోసం వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, చేసి, స్పీకరు పెట్టి దొడ్డమ్మ నోటి దగ్గర పట్టుకున్నాను. ఎత్తేలోపల నేను పడ్డ భయం ఇంతా అంతా కాదు. “ఇంట్లో ఎలా ఉందమ్మా?” అంది దొడ్డమ్మ.

“ఇంటికొచ్చి నన్ను ఒక్క మాటా అనలేదండి, అత్తయ్య గారూ” అంది అవతలి గొంతు. “గట్టు తీసెయ్యడానికి పొక్లెయిన్ మాట్లాడొస్తానని రాజోలు వెళ్ళేరు.”

నేను స్టూలు మీంచి లేచి నిలబడిపోయాను. ఇన్ని వారాలుగా ఊరంతా ఎదురుచూసిన మాట అది. పక్క మంచం వాళ్ళు కూడా ఇటు తిరిగారు. దొడ్డమ్మ “ఆయ్” అంది, అంతే.

“నువ్వు అన్నం తిన్నావా అమ్మా?” అని అడిగింది.

“లేదండి” అని, అవతల ఆవిడ బావురుమంది. దొడ్డమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని చెవికి ఆనించుకుంది. ఆ ఏడుపు ఆగేదాకా అలాగే పట్టుకుని పడుకుంది.