ఈశ్వరప్ప బస్సులో ‘ఇంకా రాలేదేం’

‘ఇంకా రాలేదేం’ పాట వచ్చింది తొంభై ఎనిమిదిలో. నేనప్పుడు హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. అది సినిమా పాట కాదు. హైదరాబాదులో ఎవరో కొత్త కుర్రాడు ఒక గిటారు పట్టుకుని, చెవి దగ్గర చేరి చెప్పినట్టు మెల్లగా పాడాడు. మా క్లాసులో ప్రతి అమ్మాయీ ఆ పాట తన కోసమే పాడాడని నమ్మేది. నేనూ నమ్మాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కానీ ఆ పాటను మా అందరికంటే ఎక్కువగా ప్రేమించిన మనిషి ఈశ్వరప్ప. పొద్దున పూట ధర్మవరం నుంచి హిందూపురానికి ప్రైవేటు బస్సు తోలేవాడు. ముప్పై ఆరేళ్లు. పెళ్లి కాలేదు గానీ, ఇద్దరు పిల్లల తండ్రికి ఉండాల్సినంత మీసం ఉండేది.

నేను చెన్నేకొత్తపల్లిలో ఎక్కేసరికే పాట మోగుతూ ఉండేది. హిందూపురం బస్టాండులో యూనస్ అంగట్లో కొన్న క్యాసెట్టు అది. అందులో ఇంకా ఏడు పాటలున్నాయని అట్ట మీద రాసి ఉండేది. అవి ఎలా ఉంటాయో బస్సులో ఎవరికీ తెలియదు. ఈ పాట అవగానే ఈశ్వరప్ప ఎడమ చేత్తో క్యాసెట్టు వెనక్కి తిప్పేసేవాడు. కండక్టరు లాల్‌సాబ్ పెద్దాయన, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆయన కూడా టికెట్లు కొడుతూ తెలియకుండానే ఆ రాగం తీసేవాడు.

ఒకరోజు నాకు డ్రైవరు వెనక సీటు దొరికింది. కాస్త ఆట పట్టిద్దామని అడిగాను.

“అన్నా, ఈ పాట వింటే నీకు ఎవరు గుర్తొస్తారు?”

“మా నాయన.”

“ప్రేమ పాటకు నాయనేందన్నా!”

“ప్రేమ పాటా? ఎవరు చెప్పినారు పాపా నీకు? ఇది వాన పాట గదా.”

ఆయన గేరు మారుస్తూ తాపీగా అర్థం చెప్పాడు.

“‘నల్లటి కురులు విప్పుకుని వస్తానన్నావు’ అంటాడు. వాన మోడం గాక ఇంకేంది అది? నల్లగా కమ్ముకోని వచ్చేది అదే గదా. ‘నా గుమ్మం ముందు ఒక్క నిమిషం నిలబడినా చాలు’. ఒక్క పదును వాన పడినా చాలునని అడుగుతాండాడు, పాపం. మా నాయన పరిగిలో శెనక్కాయ విత్తనాలు పెట్టుకోని ఆకాశం కల్లా చూస్తా ఇదే మాట అనేవాడు. రాగం ఒకటే తక్కువ.”

ఆ రోజుతో బస్సు రెండు పార్టీలైంది. కాలేజీ వాళ్లందరం ప్రేమ పార్టీ. సేద్యం చేసేవాళ్లంతా వాన పార్టీ. ఆ ఏడు మా జిల్లాలో వానలు సరిగా పడలేదు కాబట్టి వాళ్ల బలమే ఎక్కువ. తమలపాకుల గంప పెట్టుకుని వచ్చే హనుమంతమ్మవ్వ అయితే నన్ను కోప్పడింది కూడా. “నీకు మొగుడొచ్చేది యాడికీ పోదులే. ముందు వాన రానీ.”

చివరికి పాడినవాడినే అడుగుదామని తేల్చుకున్నాం. క్యాసెట్టు అట్ట మీద అడ్రసుంది. బస్సంతా చూస్తుండగా ఇన్‌లాండు లెటరు మీద నేనే రాశాను. ‘అయ్యా, ఇది ప్రేయసి పాటా, వాన పాటా? తెలియజేయగలరు.’ కింద పద్నాలుగు సంతకాలు, హనుమంతమ్మవ్వ వేలిముద్ర.

రెండు నెలలకు జవాబొచ్చింది. ఉత్తరం కాదు, నున్నటి ఫొటో. వెనక అచ్చుసంతకం తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఫొటోలో ఆ కుర్రాడు గొడుగు పట్టుకుని నవ్వుతున్నాడు.

“చూడు, గొడుగు!” అని ఈశ్వరప్ప బస్సు పక్కకు ఆపి మరీ అరిచాడు. ఆ ఫొటో స్పీడు మీటరు పక్కన అతికించుకున్నాడు. ఆ మీటరు ఎలాగూ పనిచేసేది కాదు.

శారదమ్మ మా బస్సు ఎక్కడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. పెనుకొండ ఆవిడ, సోమందేపల్లిలో టీచరు. ముప్పై దాటింది. ఇంజను పక్క సీట్లో కూర్చునేది. పాట అయిపోగానే, ఈశ్వరప్ప చెయ్యి క్యాసెట్టు మీదికి పోయేలోపే, “ఇంకోసారి వేయండి” అనేది. అంత మర్యాదగా ఆ పాటను అడిగినవాళ్లు అంతవరకు లేరు. ఈశ్వరప్ప చొక్కాకు ఇస్త్రీ మొదలైంది. అద్దం రోడ్డు వైపు కాకుండా లోపలికి తిరిగింది.

“ఏమప్పా ఈశ్వరప్పా, పెనుకొండ ఇంకా యాడనో ఉండాది. అప్పుడే దువ్వెన తీసినావే?” అనేవాడు లాల్‌సాబ్.

“తల దురదగా ఉండాది, సాబూ” అనేవాడు ఈశ్వరప్ప.

మరుసటి జులైలో ఒకరోజు శారదమ్మ రాలేదు. ఈశ్వరప్ప ఇంజను ఆపకుండా పెనుకొండలో పన్నెండు నిమిషాలు నిలబెట్టాడు. పాట మూడుసార్లు తిరిగింది. ‘ఇంకా రాలేదేం’ అని అది అడుగుతూనే ఉంది, వెనక నుంచి జనం తిడుతూనే ఉన్నారు. మర్నాడూ రాలేదు. మూడో రోజు కూడా సీటు ఖాళీ. బస్సు కదిలాక ఈశ్వరప్ప పాట మధ్యలో టేపు కట్టేశాడు. వెనక్కి తిరగకుండానే మెల్లగా అన్నాడు.

“పాపా, నువ్వు చెప్పిందే నిజమేమో. ఇది వాన పాట కాదు.”

ఏడాదిగా నేను గెలవాలనుకున్న వాదన అది. గెలిచాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సోమవారం శారదమ్మ వచ్చింది. టైఫాయిడేమోనని భయపడ్డారట, మామూలు జ్వరమేనట. మనిషి సగమైంది. ఆవిడ కూర్చోగానే ఈశ్వరప్ప సీటు కింద నుంచి ఒక పొట్లం తీశాడు. ఆదివారం యూనస్ దగ్గరికి పోయి తెచ్చిన కొత్త క్యాసెట్టు.

“మీకు ఈ పాటంటే శానా ఇష్టం గదా. ఇంట్లో కూడా వింటారని.”

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “నాకు అంత ఇష్టమేం లేదండీ.”

లాల్‌సాబ్ టికెట్లు కొట్టడం ఆపాడు.

“మరి రోజూ ఇంకోసారి వేయమంటారు గదా?”

“ఇది వినపడతాన్నంతసేపూ మీరు నెమ్మదిగా తోల్తారు. ఆగిపోయిందంటే ఎగరగొట్టుకోని పోతారు. నాకు బస్సు పడదు, వాంతికొస్తాది. అందుకని వేయమనేదాన్ని.”

లాల్‌సాబ్ నవ్వు ఆపుకోలేక టికెట్ల కట్ట కింద పడేసుకున్నాడు. వెనక సీట్ల దాకా నవ్వులే. ఈశ్వరప్ప చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ వైపు తిరిగి, మేమందరం వింటున్నామన్న సంగతే మరిచి అన్నాడు.

“అట్లయితే పాట లేకపోయినా నెమ్మదిగానే తోల్తా. ఎప్పుడూ.”

శారదమ్మ నవ్వలేదు. క్యాసెట్టు హ్యాండుబ్యాగులో పెట్టి జిప్పు వేసుకుంది. “మా అన్న ఆదివారం ఇంట్లోనే ఉంటాడు” అంది.

కార్తీకంలో పెనుకొండలో పెళ్లయింది. పెళ్లికి మా బస్సు మొత్తం వెళ్లింది. చిక్కల్లా ఏమిటంటే, ఈశ్వరప్ప మాట తప్పే రకం కాదు. మా బస్సు వెనకున్నవన్నీ మమ్మల్ని దాటిపోయేవి. హిందూపురం చేరేసరికి మా మొదటి పీరియడు అయిపోయేది. నాలుగు నెలలు ఓర్చుకుని ఓనరు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత పెనుకొండలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు వ్యాను దొరికింది. ఇంత జాగ్రత్తగా తోలే డ్రైవరు జిల్లాలోనే లేడని తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. శారదమ్మ కూడా అదే స్కూల్లో చేరింది.

రెండువేల ఏడులో, ధర్మవరంలో ఉద్యోగం చేస్తూ, ఒక పని మీద పెనుకొండ వెళ్లాను. పసుపు రంగు వ్యాను ఒకటి వస్తోంది. దాని వెనక ఆరు ఆటోలు హారను కొడుతున్నాయి. చూడగానే ఎవరో తెలిసిపోయింది. నన్ను చూసి ఆపాడు. మీసం నెరిసింది. పక్కన శారదమ్మ ఒళ్లో నోటుబుక్కుల దొంతర పెట్టుకుని దిద్దుకుంటోంది.

“పాపా, ఆ పాట పాడిన పిల్లోడు మళ్లా ఏమన్నా పాడినాడా?”

“లేదన్నా. వాడి పేరే ఎవరికీ గుర్తు లేదు.”

“పోనీలే. యాడున్నా తిని బాగుంటే సాలు” అన్నాడు ఈశ్వరప్ప.

“ప్రేయరు బెల్లు కొట్టేస్తారు, కదలండి” అంది శారదమ్మ ఎర్ర పెన్ను ఆపకుండా. వ్యాను కదిలింది. దాని వెనకే ఆరు ఆటోలూ కదిలాయి.