గిర్ని మోటరు ఆగిన రోజు

నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు అద్దాల ఆఫీసులు లేచిన చోట, నా చిన్నప్పుడు మా నాయన నడిపే పిండి గిర్ని ఉండేది. అమ్మ గింజలు పోస్తే నాయన పిండి పట్టేవాడు. ఒక వానాకాలం జ్వరంతో అమ్మ పోయింది. ఆ తర్వాత నేను మాట్లాడటం మానేశాను. కావాలని కాదు, నోరు తెరిస్తే మాట వచ్చేది కాదు. నాయన మొదట్లో బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు, చివరికి ఆయన కూడా మాటలు తగ్గించేశాడు. ఇద్దరం ఒకే ఇంట్లో అన్నం తిని, ఎవరి మూలకు వాళ్లం పడుకునేవాళ్లం.

ఒక పొద్దున మోటరు మొండికేసింది. స్టార్టర్ డబ్బా మీది ఆకుపచ్చ బటన్ నొక్కినంతసేపే తిరుగుతుంది, వేలు తీయగానే ఆగిపోతుంది. నాయన ఒక చెయ్యి బటన్ మీదే ఉంచి, రెండో చేత్తో గింజలు పోయబోతే సగం నేలపాలయ్యాయి. జొన్నలు తెచ్చినవాళ్లు కాసేపు చూసి గచ్చిబౌలి గిర్నికి వెళ్లిపోయారు. నాయన అలాగే కూర్చుండిపోయాడు.

బాలానగర్‌లో ఫ్యాక్టరీ మోటర్లు బాగుచేసే పక్కింటి అన్నకు ఆ రోజు సెలవు. సంగతి తెలిసి వచ్చాడు. డబ్బా మొత్తం మార్చాలేమోనని నాయన భయపడుతుంటే, "జర ఆగు కాకా. తెగింది ఒక్క కాడనే ఉంటది. కరెంటు ఏడిదాక వస్తుందో చూద్దాం" అన్నాడు.

ఒక బల్బుకు పొడవాటి తీగలు కట్టి, తలుపు దగ్గర నా ముందు మేకుకు తగిలించాడు. "చెల్లె, నాకు ఈడికెల్లి కనబడ్తలేదు. వెలిగితే వెలిగిందని చెప్పు. ఇటు మాత్రం రాకు."

డబ్బాలో తీగలు బిగించిన ఒక్కో చోట ఆ బల్బు తీగ కొస ఆనించి ఆగేవాడు. మొదటిచోట బల్బు వెలిగింది. నేను తల ఊపాను. ఆయన వెనక్కి తిరగలేదు, తొందరపెట్టనూ లేదు. నాయన ఏదో అనబోతే చేత్తో ఆపాడు. చాలాసేపటికి "వెలిగింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కచోట మళ్లీ "వెలిగింది." దాని తర్వాత, "లేదు."

"గంతే. ఈ రెంటి నడుమనే" అన్నాడు. వేలు తీశాక కూడా మోటరును తిరుగుతూ ఉంచాల్సిన తీగ అది. పైకి బాగానే ఉంది, తొడుగు లోపల తెగింది. మెయిన్ స్విచ్ ఆపి, జానెడు కొత్త తీగ వేశాడు. మోటరు ఆగకుండా తిరిగింది. నాయన దాని వైపు చూడలేదు, నన్నే చూస్తున్నాడు. "ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాడు.

బల్బును ఆ అన్న తన కళ్లముందే పెట్టుకోగలిగేవాడని నాకు పెద్దయ్యాక తట్టింది.

ఇప్పుడు మియాపూర్ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటాను. ఫోను మోగని రోజులే ఎక్కువ. మెట్లు తుడిచే అమ్మాయి ఒక్కోసారి ముఖం వేలాడేసుకుని, మాటాపలుకూ లేకుండా వస్తుంది. ఏమైందని అడగను. "బిడ్డా, ఈ సూదిల దారం ఎక్కియ్యి, నాకు కనబడ్తలేదు" అంటాను. పక్కన కూర్చుని ఎక్కిస్తుంది. కాసేపటికి తనంతట తానే ఏదో చెప్పడం మొదలుపెడుతుంది. నేను వింటాను. ఆమె వెళ్లాక దారం తీసేసి, సూదిని మళ్లీ డబ్బాలో పెట్టుకుంటాను.