మైకు బాబాయికి దొరికిన వస్తువులు

మనకి వస్తువులు పోతూ ఉంటాయి. మైకు బాబాయికి దొరుకుతూ ఉంటాయి. అదీ ఎప్పుడు? ఆట మంచి రసపట్టులో ఉండగా.

ఆయన బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పదిహేనేళ్ళ లోపు ఆడపిల్లల ప్రాంతీయ ఫుట్‌బాల్ పోటీలకి మైకు పట్టుకున్నా, ఆ గొంతు మాత్రం బస్టాండు వదిలి రాలేదు. "ప్రేక్షకులకు విజ్ఞప్తి. ఎర్ర జట్టు ఎడమ వైపు నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు సంచులు సర్దుకుని లేచి నిలబడేవాళ్ళు.

ఆ పోటీలంటే ఆషామాషీ కాదు. గెలిచిన జట్టుకి అంతర్జాతీయ పోటీల్లో ఆడే అర్హత. ఓడిన జట్టుకి ఇంటికి బస్సు.

నీలం జట్టు గోల్‌కీపరుని అందరూ పిచ్చుక అంటారు. మనిషి అంత చిన్నది, గోలుపోస్టు అంత పెద్దది. పిచ్చుక వాళ్ళమ్మ ల్యాబులో నీళ్ళు పరీక్షించే ఉద్యోగి. అందుకని ఆవిడకి గ్లాసులో నీళ్ళు కనబడవు, క్రిములే కనబడతాయి. మైదానానికి వచ్చేటప్పుడు థర్మామీటరు, దూది, మూడు రకాల మందులు, ఒక భర్తని వెంట తెచ్చుకునేది. ఆవిడ అసలు భయం మాత్రం జ్వరం కాదు. కిందటేడు బడి ఆటలో బంతి ఒకటి పిచ్చుక చేతుల్లోంచి జారిపోతే గ్యాలరీ అంతా "జల్లెడ! జల్లెడ!" అని ఒకటే కేకలు. ఆ తరవాత పిల్ల నెలల తరబడి బంతి ముట్టలేదు. మళ్ళీ ఆ మాట వినబడితే గ్లవ్స్ అటకెక్కుతాయి, ఇక దిగవు. ఆ సంగతి తల్లికి తెలుసు.

మొదటి మ్యాచ్‌లో నీలం జట్టు పిల్ల ఒకతి కంగారులో బంతిని సొంత గోల్లోకే తన్నేసింది. గ్యాలరీ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మైకు గరగరలాడింది.

"ప్రేక్షకులకు విజ్ఞప్తి. ఒక గొడుగు దొరికినది. నల్లటిది. ఊచ విరిగినది. సొంతదారులు ఆనవాళ్ళు చెప్పి తీసుకుపోవలెను."

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. అందరూ కుర్చీల కింద వెతుక్కున్నారు.

"ఇంత ఎండలో గొడుగు ఎవరు పారేసుకుంటారండీ?" అంది పిచ్చుక వాళ్ళమ్మ.

"ఎండలోనే కదే తెచ్చుకునేది," అన్నాడు భర్త, తనూ కుర్చీ కింద చూస్తూ.

"మనం తేలేదుగా! మీరెందుకు చూస్తున్నారు?"

"ఏమో, ఒకవేళ తెచ్చామేమోనని."

సెమీఫైనల్లో పచ్చ జట్టు పిల్ల ఖాళీ గోలు ముందు నిలబడి బంతిని ఆకాశంలోకి పంపింది. మైకు మళ్ళీ గరగర. "ఒక కళ్ళజోడు దొరికినది. దళసరి అద్దములది." కళ్ళజోడు ఉన్నవాళ్ళంతా ముక్కులు తడుముకున్నారు. లేనివాళ్ళు కూడా తడుముకున్నారు.

రెండుసార్లు ఒకేలా జరిగితే కాకతాళీయం అని వదిలేయడానికి ఆవిడ చదువు ఒప్పుకోలేదు. అనుమానం వస్తే పరీక్ష చేయాలి. విరామంలో మెట్లెక్కి మైకు గదికి వెళ్ళింది.

"బాబాయిగారూ, మొన్నటి గొడుగు నాదండీ."

ఆయన ఉలిక్కిపడ్డారు. కళ్ళు చికిలించి, ఆవిడ నిలబడ్డ వైపుకి కాస్త పక్కగా చూస్తూ, "మీదా? అలా ఎలా అవుతుంది తల్లీ?" అన్నారు.

"ఎందుకవదు? నల్లది. ఊచ విరిగింది."

"అవి నేనే చెప్పాను కదా. పిడి సంగతేంటి?"

"పిడి... వంకరగా ఉంటుంది."

"ప్రపంచంలో గొడుగు పిడులన్నీ వంకరే. మీది కాదమ్మా. వెళ్ళి ఆట చూసుకోండి. బండి కదలబోతోంది."

ఆవిడ మెట్లు దిగింది కానీ అనుమానం దిగలేదు. దొరికిన వస్తువు ఇవ్వడానికి ఇంత పిసినారితనం ఎందుకు? పైగా కార్యదర్శిగారిని అడిగితే, "నాలుగేళ్ళుగా చూస్తున్నానండీ, ఒక్కరూ వచ్చి ఒక్క వస్తువూ తీసుకుపోలేదు. ఈ ఊరి జనానికి వస్తువుల మీద బొత్తిగా ఆపేక్ష లేదు" అని నిట్టూర్చాడు.

ఫైనల్లో పసుపు జట్టు మీద నీలం జట్టు ఒక గోలు ఆధిక్యంలో ఉంది. ఆట ముగియబోతోంది. అటునుంచి ఒక బంతి వచ్చింది. వచ్చింది అనడం కూడా ఎక్కువే, నడుచుకుంటూ వచ్చింది. పిచ్చుక వంగింది, పట్టుకుంది, పట్టుకున్నాననుకుంది. బంతి చేతుల మధ్యనుంచి, కాళ్ళ మధ్యనుంచి దూరి, పుట్టింటికి పోయినట్టు నింపాదిగా వలలోకి పోయింది.

వెనక వరసలో ఎవడో గట్టిగా ఊపిరి పీల్చి "జ..." అన్నాడు.

"ప్రేక్షకులకు విజ్ఞప్తి! ఒక చెప్పు దొరికినది. ఎడమ కాలిది. బొటనవేలి దగ్గర అరిగినది. ఒక్క కాలి చెప్పుతో ఉన్నవారు ఎవరైనా..."

గ్యాలరీ గ్యాలరీ అంతా తల వంచి కాళ్ళ వంక చూసుకుంది. "జ" అన్నవాడు కూడా, ఆ అక్షరాన్ని అక్కడే వదిలేసి, రెండు పాదాలూ పైకెత్తి మరీ చూసుకున్నాడు. సైన్సు చదివిన పిచ్చుక వాళ్ళమ్మ కూడా చూసుకుంది. తీరా తలెత్తేసరికి, పిచ్చుక మొహం తుడుచుకుని, గ్లవ్స్ రెండూ ఒకదానితో ఒకటి చరిచి, గోలు ముందు నిలబడి ఉంది. పిల్ల ఏడ్చిందో లేదో కన్నతల్లి కూడా చూడలేదు.

"ఏమండీ!" అంది, భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని. "అర్థమైంది!"

"ఏంటి, చెప్పు ఎవరిదో తెలిసిందా?" అన్నాడాయన, ఇంకా కిందకే చూస్తూ.

ఆట సమమైంది. పెనాల్టీలదాకా వెళ్ళింది. ఒకరు కొడితే ఒకరు కొడుతున్నారు. చివరికి నీలం జట్టు కొట్టేసింది, పసుపు జట్టు కెప్టెన్ కొట్టాలి. తన్నింది. పిచ్చుక ఎగిరింది. పేరుకి తగ్గట్టే ఎగిరింది. బంతి వేళ్ళకొసలు తగిలి పోస్టు బయటకి పోయింది.

నీలం జట్టు పిల్లలు పరిగెత్తుకొచ్చి పిచ్చుక మీద పడ్డారు. గ్యాలరీ ఊగిపోయింది. ఆ సందడిలో పసుపు కెప్టెన్ తన్నిన చోటే కూలబడింది. ఎవరో అటు వేలు చూపించి నవ్వడం మొదలుపెట్టారు.

గెలిచినవారి పేరు చెప్పాల్సిన మైకు గరగరలాడింది.

"ప్రేక్షకులకు మరొక విజ్ఞప్తి. కుడి కాలి చెప్పు కూడా దొరికినది."

మళ్ళీ అందరూ పాదాలు చూసుకున్నారు. కూలబడ్డ పిల్ల కూడా, పాపం, ఒకసారి తన బూట్ల వంక చూసుకుంది. చూసుకుని, ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వేసింది. పిచ్చుక వెళ్ళి చెయ్యందించింది.

పిల్లని గుండెలకి హత్తుకున్నాక తల్లి మైకు గదికి పరిగెత్తింది. బాబాయి ఉత్త కాళ్ళు కుర్చీ మీదకి ముడుచుకుని కూర్చున్నారు. కాలే సిమెంటు నేల మీద, బల్ల కింద, గొడుగు, కళ్ళజోడు, రెండు చెప్పులు.

"అన్నీ మీవే!"

"అబద్ధం చెప్పలేను కదమ్మా," అన్నారాయన తప్పు చేసినవాడిలా. "కింద పడేస్తాను. వెంటనే దొరుకుతుంది. దొరికిందని చెప్తాను."

"మరి కళ్ళజోడు తీసి పెట్టుకోవచ్చుగా? సెమీఫైనల్ నుంచీ కళ్ళు కనబడక అవస్థ పడుతున్నారే!"

"సొంతదారు వచ్చేవరకు వాడకూడదు. పోటీలు ముగిశాకే సొంతదారు వచ్చేది." గొంతు తగ్గించారు. "జనమంతా పిల్ల మొహమే చూస్తుంటే, పిల్ల జనం మొహం చూస్తుందమ్మా. ఇక బంతిని ఎవరు చూస్తారు? ఇంతకీ గెలిచిందెవరు? కూలబడ్డ పిల్ల మసగ్గా కనబడింది గానీ, జట్టు రంగు ఆనలేదు."

ఆవిడ చెప్పేలోపే కార్యదర్శి తలుపు తోసుకుని వచ్చాడు. "ఏం బాబాయ్, ఈసారైనా సొంతదారులు వచ్చారా?"

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, గొడుగు చంకలో పెట్టుకున్నారు. "వచ్చారండీ. అన్నీ ఒక్కరివే."

"ఒక్కరివేనా! ఎంత మతిమరుపు మనిషండీ!"

"అవునండీ," అంది పిచ్చుక వాళ్ళమ్మ, నవ్వు ఆపుకోలేక కుర్చీ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి. "అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు."