కరుణమ్మగారి మోగే పెట్టె

మిక్సీలు బాగుచేసే షాపు ముందు టంకం పొగ ముక్కుకు తగిలితే చాలు, నుదుటి మీద చల్లటి జిగురు అంటినట్టుంటుంది నాకు. కరుణమ్మగారు గుర్తొస్తారు. భీమిలి మనిషి. విశాఖలో మా క్వార్టర్ల పక్క చర్చి వెనక గదిలో కూర్చుని, మనసు చెదిరినవాళ్లకు ప్రార్థనతో పాటు ధైర్యం చెప్పేవారు. ఎనభైల మొదట్లో ఆ గదికి ఒక పెట్టె వచ్చింది. నుదుటికి జిగురుతో తీగలు అంటిస్తే, మెదడు నిమ్మళించినప్పుడు సన్నగా మోగుతుంది. ఆ మోత వింటూ మనిషి తన నిమ్మళాన్ని మళ్లీ పట్టుకోవడం నేర్చుకోవాలి. దాన్ని తయారుచేసింది నేనేనని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. అబద్ధం. ఎవరో డాక్టరు ఇచ్చి వెళ్లాడు. ఊడిన తీగ ఒకటి టంకం పెట్టాను, అంతే.

సంఘపెద్దకు ఆ పెట్టె నచ్చలేదు. "ప్రార్థన సాలదేటమ్మా? తలకి తీగలేటి?" అన్నాడు.

"కళ్లజోడెట్టుకునే గదా బైబిలు సదువుతన్నావన్నా. అది దేవుడి మీద నమ్మకం లేకేటి?"

ఆయన కళ్లజోడు సర్దుకుని వెళ్లిపోయాడు.

నేను గోదావరి నుంచి వచ్చి పోర్టులో క్రేన్ల ఎలక్ట్రీషియన్‌గా చేరినవాణ్ణి. క్రేన్ మీద నా జతగాడు అప్పలరాజు రెండు వేళ్లు పోగొట్టుకున్నాక, నాకు చేతులు వణకడం పట్టుకుంది. కుదుటపడ్డానని కరుణమ్మగారు చీటీ రాస్తేనే పనిలోకి రమ్మన్నాడు మా మేస్త్రీ.

ఆవిడ పెట్టె స్విచ్ మీద వేలుపెట్టి, "సత్తిబాబూ, ఉన్నావా?" అని పిలిచేవారు. "ఉన్నానండి, ఆయ్" అన్నాకే వేసేవారు. ఆ పిలుపుకే నాకు గుండెదడ. మూడు వారాలు పెట్టె మోగలేదు. నాలుగోవారం ఆవిడ రాకముందే మూత విప్పి, లోపలి మర ఒకటి తిప్పేశాను. ఆవిడ వచ్చి నాకు తీగలు అంటించి స్విచ్ వేయగానే, ఆగకుండా ఒకటే మోత. ఆవిడ నా మొహంలోకి చూశారు. తీగలు తీసి తన నుదుటికే అంటించుకున్నారు. అప్పుడూ మోగింది.

"ఇదేటి బాబూ! మా ఆయన మంచం పట్టి నా బుర్రలో తుఫాను తిరుగుతంటే, ఇది పెళ్లి సన్నాయినాగ మోగుతంది!" అని పకపకా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. "ఆ రోజు క్రేన్ స్విచ్ వేసింది నేనేనండి. వాడి చెయ్యి ఇంకా లోపలే ఉంది. నేను పిలవలేదు. కరెంటు దానంతటదే వచ్చిందని అందరికీ చెప్పాను."

ఆవిడ తీగలు చుట్టిపెట్టారు. "సీటీ తర్వాత రాత్తాను. ముందు ఆడి కాడికి నడు. నానూ వత్తాను."

అప్పలరాజు నన్ను కౌగిలించుకున్నాడని మనవలకు చెబుతుంటాను. అదీ నిజం కాదు. గుమ్మంలోనే నిలబెట్టి, "ఒక్క కేకెయ్యడానికి ఏటైంది బావా?" అన్నాడు. కరుణమ్మగారు నా వెనకే నిలబడ్డారు. చాలా రోజుల తర్వాత, మర తిప్పకుండానే, పెట్టె ఒక్క క్షణం మోగింది. చీటీ అప్పుడు రాశారు.

కరుణమ్మగారు పోయి ఎన్నేళ్లో. ఇప్పటికీ మిక్సీ వేయబోతూ "చెయ్యి తీశావా?" అని కేకేస్తాను. "తీశాను మహానుభావా" అంటుంది మా ఆవిడ. నన్ను మాత్రం పేరుపెట్టి పిలిచి, జవాబు కోసం ఆగేవాళ్లు మళ్లీ దొరకలేదు.

ఇవాళ ఆ పొగలో నిలబడి, ఎవరూ పిలవకుండానే "ఉన్నానండి, ఆయ్" అన్నాను.

షాపతను తలెత్తాడు. "ఏటి తాతా?"