గుండాల వేన్నీళ్లు

మా ఎదురింటి అక్క పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా కన్నుమూసింది. ధర్మవరంలో మా వీధి భజనల్లో ఆమె గొంతు విన్నవాళ్లకైనా ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. ఆఖరి చూపుకు వచ్చింది ఐదారుగురమే. అందుకు కారణం ఆమె జబ్బు. ఆ జబ్బు విషయంలో నా తప్పు ఒకటి ఉంది.

పట్టుచీరలు నేసే ఇంట్లో పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. ఆ పనిలో అక్క వేళ్లకు సాటి లేదు. కళ్లు మూసుకుని పాట పాడుతూ అతికేది. "కండ్లెందుకమ్మే, వేళ్లే సూస్తాండాయి గదా" అనేది. నాకు ఆ పని నేర్పింది ఆమే. పోగు తెగితే తిట్టేది, ఆ వెంటనే చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టేది.

పదేళ్ల కిందట, అరవై మూడులో, భజన ఆడవాళ్లం భద్రాచలం పోయాం. అప్పటికి అక్కడ గోదావరి మీద వంతెన లేదు, పడవలో దాటాం. దర్శనమయ్యాక ఎడ్లబండ్లు మాట్లాడుకుని పక్కనున్న గుండాల వెళ్లాం. అక్కడ అడవి పక్కన ఏటి ఇసుకలో గుంత తీస్తే వేడినీళ్లు ఊరుతాయి. మా ఊరి చిత్రావతి ఏట్లో నీళ్లకోసం చెలమలు తీసి తీసి అలవాటైన చేతులు మావి. అక్క కుచ్చెళ్లు ఎగదోపి, కొబ్బరి చిప్పతో ఇసుక తోడింది. మూరెడు లోతుకే ఆవిర్లు.

"మనూర్లో నిలువు లోతు తవ్వినా తడి తగల్దు. ఈడ సూడండే, కాంచి మరీ ఇస్తాండాడు దేవుడు!" అంటే అందరం నవ్వాం.

మేం వేలు ముంచి వెనక్కి లాక్కున్నాం. అక్క మాత్రం ఎడమ కాలు పెట్టి కూర్చుని పాట ఎత్తుకుంది.

"ఏమక్కా, కాల్తాలేదా?" అంది ఒకామె.

"యాడ? ఎచ్చగా కూడా లేదు."

"భక్తురాలమ్మా! మన పాపిష్టి కాళ్లకే ఆ సెగ" అంది ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు ఆమె పాదాలకు మొక్కారు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "రాముడు నన్ను సూసినాడే" అంది.

నేనూ మొక్కాను. వంగినప్పుడు చూశాను. చీలమండ పైన పాలిపోయిన మచ్చ, దాని కింద చర్మం బొబ్బలెక్కుతోంది. మా చిన్నాయనకు అట్లాంటి స్పర్శ తెలియని మచ్చతోనే కుష్ఠు మొదలైంది. ఆయన్ను పశువుల కొట్టంలో ఉంచడం చిన్నప్పుడు చూసినదాన్ని. మాట నోటిదాకా వచ్చింది. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎట్లా చెప్పేది? దేవుని మహిమను కాదనడానికి నేనెవరిని? అలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊరికి వచ్చాక కూడా చెప్పలేదు. భజనల్లో ఆమెకు పీట వేసి ముందు కూర్చోబెడుతుంటే చెప్పడం ఇంకా కష్టమైంది.

రెండేళ్లకు పోగులు ఆమె వేళ్ల సందున జారిపోవడం మొదలైంది. "మచ్చ కనిపించినప్పుడే మాత్రలు మొదలుపెట్టింటే వేళ్లు నిలిచేవి" అన్నాడు డాక్టరు. మొక్కినవాళ్లే ఆ వాకిలి తొక్కడం మానేశారు. అప్పుడు పోయి, నేను చూసిందంతా ఆమెకు చెప్పాను.

"ఈ వేళ్లతోనే గదమ్మే నీకు పని నేర్పింది. ఒక్క మాట సెప్పల్యాకపోతివే!" అని మొహం తిప్పుకుంది. ఆరునెలలు నాతో మాట్లాడలేదు. క్షమించానని ఎప్పుడూ అనలేదు.

ఒకనాడు పొద్దున్నే వాకిట్లోంచి పిలిచింది. "ఏమ్మే, ఈ నీళ్లు ఎంత కాగినాయో నాకు తెలీడంల్యా. సెయ్యి పెట్టి సూడు. ఉండేది ఉన్నట్ల సెప్పు."

ఆ రోజు మొదలు ఆమె స్నానపు నీళ్లలో ముందు నా చెయ్యి పెట్టి చూసేదాన్ని. దేవుడి దీపం కూడా ఆ తర్వాతే.

శుక్రవారం చివరి స్నానానికి నీళ్లు కాచారు. చెయ్యి పెడితే చురుక్కుమంది. చన్నీళ్లు తెమ్మన్నాను.

"ఇంగ ఆయమ్మకేం కాల్తాదిలే, పొయ్యండి" అన్నారెవరో.

కడవెడు చన్నీళ్లు కలిపి మళ్లీ చెయ్యి పెట్టాను. "ఇప్పుడు సరిపోయినాయక్కా" అని ఆమెకు చెప్పి, మొదటి చెంబు కాళ్ల మీద పోశాను.