ఇన్‌స్పెక్టరును భోంచేశారా అని అడగని కోడలు

రామచంద్రపురంలో మా ఇంటి కుర్చీల్లో ఒక్కటీ నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడేది కాదు. వడ్రంగిని అడిగితే నేల వంకరండి అనేవాడు. తొంభైల్లో, టీవీలో హత్య సీరియల్ వచ్చే బుధవారం సాయంత్రాలు వీధిలో సగంమంది ఆ కుర్చీల్లోనే ఊగుతూ కూర్చునేవారు.

సీరియల్లో మిల్లు యజమానిని చంపిందెవరో వచ్చేవారం తేలుతుందనగా, అక్కడ బీయస్సీ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, డాక్టరే హంతకుడని ప్రకటించాను. విషం, సిరంజి, వేలిముద్రలు అన్నీ వివరించాను. ఆ వారమంతా వీధిలో నా మాటకు కాస్త విలువ ఉండేది.

మా పిన్ని ఒక్కతే ఒప్పుకోలేదు.

"చంపింది ఆ ఇంటి కోడలేరా. మిట్టమధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వస్తే, భోంచేశారా అండీ అని ఒక్క మాట అడిగిందా?"

"అది సాక్ష్యం కాదు పిన్నీ."

"డాక్టరు అడిగాడుగా మరి."

తరవాతి బుధవారం కోడలి చేతులకు బేడీలు పడ్డాయి. జనం మర్యాదస్తులు, నా వైపు చూడకుండా జంతికలు తిన్నారు. మిగిలిన పరువైనా కాపాడుకుందామని, "భోంచేశారా అని అడగనంత మాత్రాన హంతకులైపోతారా?" అన్నాను.

"మొన్న కరెంటు మీటరు చూసే ఆయన ఎండన పడి వస్తే, నువ్వూ అడగలేదు," అంది పిన్ని.