ఒకే పళ్లెంలో ముగ్గురం

నిన్న కరెంటు పోయి, ఫ్రిజ్‌లోని దోసెల పిండి బాగా పులిసి గిన్నె అంచులు దాటింది. మూత తీయగానే వంటిల్లంతా పుల్లటి వాసన. "పారబొయ్యరాదూ!" అన్నారు మా ఆయన. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన నన్ను మన్సూరాబాద్‌లోని మా ఇంటి నుంచి ఇథియోపియాలోని ఒక కొండ ఊరికి, ఆల్మాజ్ గారి వంటింటికి తీసుకుపోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. చైతన్యపురిలోని ఒక కోచింగ్ కాలేజీలో నేను ఫిజిక్స్, విజయలక్ష్మి మేడం లెక్కలు చెప్పేవాళ్లం. ఇథియోపియాలోని ఒక యూనివర్సిటీలో ఇద్దరికీ ఉద్యోగాలు వస్తే కలిసే వెళ్లాం. మాది నల్గొండ దగ్గర పల్లె. ఆమె వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నారు. ఇథియోపియాలో మాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ ఆల్మాజ్. అరవై దాటిన ఒంటరి మనిషి. వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే మాతో అన్నీ మాట్లాడేది.

దిగిన రోజే భోజనానికి పిలిచింది. చాటంత పళ్లెం, దాని నిండా ఇంజెరా అనే పుల్లటి మెత్తని అట్టు, దానిమీద కుప్పలుగా పప్పు, ఆకుకూర, శనగపిండి పులుసు. పళ్లెం మాత్రం ఒక్కటే. "అందరూ ఇందులోనే తినాలా? ఎంగిలి కదే సుజాతా!" అని మేడం నా చెవిలో గొణిగారు. వేరే పళ్లేలు అడిగాం. ఆల్మాజ్ తెచ్చిపెట్టింది గానీ ముఖం చిన్నబోయింది. "మా ఇంట్లో జబ్బు చేసినవాళ్లకే వేరే పళ్లెం. మీకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. మేం సిగ్గుపడి ఆ పళ్లేలు పక్కన పెట్టేశాం.

ఆమె దగ్గరే అక్కడి పద్ధతులు నేర్చుకున్నాం. ఎవరి ముందున్న భాగం వాళ్లే తినాలి, అవతలివాళ్ల వైపు చెయ్యి చాపకూడదు. కానీ మధ్యలో ఒక ముద్ద చుట్టి పక్కవాళ్ల నోట్లో పెట్టాలి. దాన్ని గుర్షా అంటారు. ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత ఎక్కువట. వద్దంటే అవమానం. మొదటిసారి ఆమె ముద్ద పెట్టినప్పుడు నాకు ఊపిరాడలేదు. నెల తిరిగేసరికి, పెట్టకపోతే ఏదో వెలితిగా ఉండేది.

అలాంటి సమయంలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఊరేగింపులో మా తమ్ముడికి లాఠీ దెబ్బ తగిలి తల పగిలింది. అదే వారం దిల్‌సుఖ్‌నగర్‌లో మేడం వాళ్ల అన్నయ్య మెస్ అద్దాలు రాళ్లకు బద్దలయ్యాయి.

"మా తమ్ముని తల పగిలింది మేడం. అది మీకు పట్టదా?" అన్నాను.

"మరి మా అన్నయ్య మెస్ మీద రాళ్లేసిందెవరు? ఇరవై ఏళ్లున్నా మేం పరాయివాళ్లమేనా?"

"మీరెప్పుడన్న మమ్మల్ని మీవాళ్లనుకున్నరా?"

ఆ తర్వాత రెండు వారాలు ఒకే గదిలో ఉంటూ మాట్లాడుకోలేదు. ఒకరు తిని లేచాకే ఇంకొకరు తినేవాళ్లం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆల్మాజ్ ఇద్దరినీ ఒక్కసారే పిలిచి కూర్చోబెట్టింది. ముందు నాకు, తర్వాత మేడంకు ముద్ద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇక మీరు," అంది. మేం కదల్లేదు. అప్పుడు ఆమే చెప్పింది. "నా చెల్లెలి కాపురం సరిహద్దు అవతల. యుద్ధం వచ్చి దారి మూసేశారు. అంతకుముందు మేమిద్దరం ఏదో చిన్న మాట మీద అలిగి ఉన్నాం. రేపు మాట్లాడదాంలే అనుకున్నాను. పన్నెండేళ్లయింది."

మేడం ఇంజెరా తుంచారు. "నోరు తెరువు," అన్నారు. పెద్ద ముద్ద. నమలలేక అవస్థపడుతుంటే, "మీ తమ్ముడికి కుట్లు విప్పారా?" అని అడిగారు. తల ఊపాను. మింగాక నేనూ ఒక ముద్ద చుట్టాను. "అన్నయ్య మెస్ తెరిచిండా?" అన్నాను. ఇంకా లేదన్నారు. రాష్ట్రం గురించి నా మాట నేను మార్చుకోలేదు, ఆమె మాట ఆమె మార్చుకోలేదు. ఆ పూట పళ్లెం మాత్రం ఖాళీ చేశాం.

మేం తిరిగొచ్చిన కొన్నాళ్లకు రాష్ట్రం ప్రకటించారు. ఎల్బీ నగర్ అంతా టపాసుల మోత. మేడం ఫోన్ చేశారు. "నాకు సంతోషంగా లేదు సుజాతా, అబద్ధం చెప్పలేను. కానీ ఆల్మాజ్ గారికి చెప్పాలిగా. నువ్వొస్తే ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం." వెళ్లాను.

అంతా విని ఆల్మాజ్ ఒక్కటే అడిగింది, "మీ ఇద్దరి మధ్య దారి మూసేశారా?"

"లేదమ్మా. ఆటోలో ఇరవై నిమిషాలు," అన్నారు మేడం.

ఆల్మాజ్ గట్టిగా నవ్వింది. తన చెల్లెలి వైపు సరిహద్దు మాత్రం ఇంకా తెరవలేదని చెప్పింది. కొన్నేళ్లకు ఆ సరిహద్దు తెరిచారని వార్తల్లో చూసి మళ్లీ ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. అక్కచెల్లెళ్లు కలిశారో లేదో నాకు తెలియదు. ఎవరితోనైనా మాటామాటా వచ్చి అలిగితే మాత్రం, మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని వాళ్లింటికి బయలుదేరుతాను.